బ్రౌజర్ కంప్యూటర్ మెమరీని మింగేస్తోందా? తరచుగా అడిగే ప్రశ్నలు

బ్రౌజర్ తెరిస్తే చాలు, కంప్యూటర్ నత్తనడక నడుస్తోందని బాధపడేవారికి దొరికే సలహాలలో చాలావరకు పనికిరానివి. కొన్ని హానికరమైనవి కూడా. క్యాషె (సైట్ల నుంచి తెచ్చి దాచుకున్న ఫైళ్లు) తుడవమంటారు, ఏవో దాచిన సెట్టింగులు మార్చమంటారు, ర్యామ్‌ను, అంటే ఆ మెమరీనే, శుభ్రం చేసే సాఫ్ట్‌వేర్ వేసుకోమంటారు. మెమరీని పట్టుకుని కూర్చున్నది ఏ పేజీయో, ఏ ఎక్స్‌టెన్షనో (బ్రౌజర్‌కు అదనంగా చేర్చుకునే చిన్న ప్రోగ్రాం) ముందు కనిపెట్టమని మాత్రం అరుదుగా చెబుతారు. అసలు పని అక్కడే ఉంది. కింది జవాబులు విండోస్, మ్యాక్, లినక్స్ కంప్యూటర్లకు సంబంధించినవి. ఫోన్లలో మెమరీ నిర్వహణ తీరు వేరు కాబట్టి వాటి జోలికి వెళ్లడం లేదు.

ఒక్క బ్రౌజర్‌కు ఇంత మెమరీ ఎందుకు కావాలి?

ఇప్పటి వెబ్ పేజీ చదివి పక్కన పెట్టే కాగితం లాంటిది కాదు. అది నడుస్తూ ఉండే ప్రోగ్రాం. మెయిల్, మ్యాపులు, స్ప్రెడ్‌షీట్లు, వీడియో సమావేశాలు అన్నీ ట్యాబ్‌లలోకి వచ్చేశాయి. ఒక్కొక్కటీ తనను నడిపే జావాస్క్రిప్ట్ కోడ్‌ను, ఆ కోడ్ వాడుకునే డేటాను, తెర మీద కనిపించే ప్రతి భాగపు వివరాన్ని మెమరీలోనే ఉంచుకుంటుంది.

బొమ్మల సంగతి చాలామంది ఊహించరు. 4000 పిక్సెళ్ల వెడల్పు, 3000 పిక్సెళ్ల ఎత్తు ఉన్న ఫోటో ఫైలుగా 3 ఎంబీ ఉండవచ్చు. దాన్ని తెర మీద చూపించాలంటే మాత్రం కుదించిన రూపాన్ని విప్పాలి. పిక్సెల్‌కు 4 బైట్ల చొప్పున 1 కోటి 20 లక్షల పిక్సెళ్లకు సుమారు 48 ఎంబీ అవుతుంది. తెర మీద లేని బొమ్మల విప్పిన రూపాన్ని బ్రౌజర్లు వదిలేస్తూనే ఉంటాయి. అయినా పెద్ద ఫోటోలు వరుసగా పేర్చిన పేజీ అంత బరువు ఎందుకవుతుందో ఈ లెక్కతో తెలుస్తుంది.

మూడో కారణం భద్రత. 2008లో క్రోమ్ వచ్చినప్పుడే ట్యాబ్‌లను వేర్వేరు ప్రాసెస్‌లలో (దేనికది విడిగా నడిచే ప్రోగ్రాం భాగాలలో) నడిపే పద్ధతితో వచ్చింది. ఒక పేజీ కుప్పకూలినా మిగతావి నిలబడాలన్నది ఉద్దేశం. 2018 జనవరిలో స్పెక్టర్, మెల్ట్‌డౌన్ అనే ప్రాసెసర్ లోపాలు బయటపడ్డాక పరిస్థితి ఇంకా మారింది. ఒకే ప్రాసెస్‌లో రెండు సైట్లు ఉంటే ఒకదాని కోడ్ మరొకదాని రహస్యాలను పసిగట్టే ప్రమాదం ఉందని తేలింది. అదే ఏడాది క్రోమ్ 67తో డెస్క్‌టాప్‌లో ఒక్కో సైటుకు విడి ప్రాసెస్ ఇవ్వడం మొదలైంది. దీనివల్ల మెమరీ వాడకం 10 నుంచి 13 శాతం వరకు పెరుగుతుందని గూగుల్ అప్పుడే ప్రకటించింది. ఫైర్‌ఫాక్స్ 2021లో ఫిషన్ పేరుతో అదే బాట పట్టింది. మీ బ్యాంకు పేజీకీ, పక్క ట్యాబ్‌లో ఉన్న ముక్కూమొహం తెలియని సైటుకూ మధ్య రక్షణగా ఖర్చవుతున్న మెమరీ అది. ఆ ఖర్చును తగ్గించుకోవాలని చూడకూడదని నా గట్టి అభిప్రాయం.

ఎక్కువ మెమరీ వాడుతోందంటే ఏదో తప్పు ఉన్నట్టేనా?

కాదు. ఖాళీగా ఉన్న ర్యామ్ వల్ల కంప్యూటర్‌కు ఒరిగేదేమీ లేదు. మీరు వెనక్కి బటన్ నొక్కగానే పాత పేజీ క్షణంలో ప్రత్యక్షమవుతుందంటే దాన్ని బ్రౌజర్ మెమరీలో దాచిపెట్టింది కాబట్టే. 16 జీబీ ఉన్న యంత్రంలో బ్రౌజర్ 5 జీబీ తీసుకుని, మిగతా పనులన్నీ చురుకుగా సాగుతుంటే బాగుచేయవలసింది ఏమీ లేదు.

అంకె ఎంత పెద్దదన్నది కాదు, మిగతా ప్రోగ్రాములకు చోటు ఉందా లేదా అన్నది చూడాలి. ర్యామ్ నిండిపోయినప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్ కొంత డేటాను కుదిస్తుంది, ఇంకొంత డిస్కుకు తరలిస్తుంది. డిస్కు ఎంత వేగవంతమైన ఎస్‌ఎస్‌డీ అయినా ర్యామ్‌తో సాటిరాదు. ఒక విండో నుంచి మరో విండోకు మారగానే కొన్ని క్షణాలు అంతా బిగుసుకుపోవడం, టైపు చేసిన అక్షరాలు ఆలస్యంగా పడటం, డిస్కు దీపం ఆగకుండా వెలగడం దీని లక్షణాలు.

మ్యాక్‌లో యాక్టివిటీ మానిటర్ తెరిచి మెమరీ విభాగంలో కింద ఉండే ఒత్తిడి గీతను చూడండి. ఆకుపచ్చగా ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు, పసుపు రంగులోకి మారితే జాగ్రత్త పడాలి, ఎరుపైతే ఇబ్బంది మొదలైనట్టే. విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పనితీరు విభాగంలో మెమరీ చూడండి. లినక్స్‌లో ఫ్రీ అనే ఆదేశం ఇచ్చాక ఫ్రీ అనే గడిని కాక, అవైలబుల్ అనే గడిని చదవండి. మొదటిది చిన్నగా కనిపించి అనవసరంగా భయపెడుతుంది.

టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్ పేరు పదుల సార్లు కనిపిస్తోంది. వైరస్ పట్టిందా?

లేదు. పైన చెప్పిన ప్రాసెస్‌లే అవి. ట్యాబ్‌లకు కొన్ని, ఎక్స్‌టెన్షన్లకు కొన్ని, గ్రాఫిక్స్ పనికి ఒకటి, నెట్‌వర్క్ పనికి ఒకటి, వీటన్నిటినీ నడిపించేది ఒకటి. ఇక్కడి నుంచి ఏదో ఒకదాన్ని గుడ్డిగా మూయకండి. ఏది ఏ పేజీకి చెందిందో సిస్టమ్ టాస్క్ మేనేజర్ సరిగా చెప్పలేదు.

మరి ఏ ట్యాబ్ ఎంత తింటోందో ఎలా తెలుసుకోవాలి?

మిగతా జవాబులు చదవకపోయినా ఇది మాత్రం తప్పక చదవండి.

క్రోమ్, ఎడ్జ్ బ్రౌజర్లకు సొంత టాస్క్ మేనేజర్ ఉంది. విండోస్‌లో బ్రౌజర్ విండో ముందుండగా షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే తెరుచుకుంటుంది. మ్యాక్‌లో క్రోమ్ వాడేవారికి విండో మెనూలో దొరుకుతుంది. అందులో ట్యాబ్‌లు, ఎక్స్‌టెన్షన్లు పేర్లతో సహా కనిపిస్తాయి. మెమరీ గడి శీర్షిక మీద నొక్కితే పెద్దవి పైకి వస్తాయి. వరుసను ఎంచుకుని కింద ఉన్న బటన్‌తో ఆ ప్రాసెస్‌ను అక్కడే ఆపేయవచ్చు. ట్యాబ్ పోదు, లోపలి పేజీ మాత్రమే ఆగుతుంది, రీలోడ్ చేస్తే తిరిగి వస్తుంది. కొత్త క్రోమ్‌లో ట్యాబ్ మీద మౌస్ ఉంచితే వచ్చే చిన్న పెట్టెలో కూడా మెమరీ అంకె కనిపిస్తుంది.

ఫైర్‌ఫాక్స్‌లో మెనూలోని మరిన్ని సాధనాల కింద టాస్క్ మేనేజర్ ఉంది. ఇంకా లోతుగా చూడాలంటే చిరునామా పట్టీలో అబౌట్ అని, కోలన్ పెట్టి, మెమరీ అని ఇంగ్లిష్ అక్షరాలతో ఖాళీ వదలకుండా టైపు చేయండి. అక్కడ కొలత బటన్ నొక్కితే ప్రతి ప్రాసెస్‌లో ఏది ఎంత తీసుకుందో విడమరిచి చూపిస్తుంది. అదే పేజీలో మెమరీ వాడకాన్ని తగ్గించే బటన్ కూడా ఉంది. అది అప్పటికి వదిలేయగలిగినదంతా వదిలేయమని బ్రౌజర్‌ను అడుగుతుంది. దాని ఫలితం తాత్కాలికమే అయినా, నొక్కిన తరువాత కూడా తగ్గని పేజీ ఏదో తెలుస్తుంది.

సఫారీకి సొంత టాస్క్ మేనేజర్ లేదు. యాక్టివిటీ మానిటర్‌లోనే సైట్ల చిరునామాలతో ప్రాసెస్‌లు కనిపిస్తాయి.

ఈ జాబితాను ఒక్కసారి చూసి వదిలేయకండి. ఉదయం బ్రౌజర్ తెరిచినప్పుడు ఒకసారి, బాగా నెమ్మదించినప్పుడు మరోసారి చూడండి. మొదటి నుంచీ పెద్దగా ఉన్న పేజీ వేరు, పూటపూటకూ పెరుగుతూ పోయిన పేజీ వేరు. ఆ రెండింటికీ చేయవలసింది కూడా వేరే.

బ్రౌజర్ చూపే అంకెలు, సిస్టమ్ చూపే అంకెలు ఎందుకు కలవడం లేదు?

కొంత మెమరీని అనేక ప్రాసెస్‌లు పంచుకుంటాయి. పంచుకున్నదాన్ని ఒక కొలత ప్రతి ప్రాసెస్‌కూ కలిపి లెక్కిస్తుంది, మరొకటి కలపదు. అందుకే అన్నీ కూడితే అసలుకన్నా ఎక్కువ రావచ్చు. రోజూ ఒకే కొలతను చూస్తూ పోల్చుకుంటే చాలు.

ట్యాబ్‌లు మూయకుండా మెమరీ తగ్గించుకునే దారి ఉందా?

ఉంది, అదీ బ్రౌజర్‌లోనే ఉంది. చాలాసేపు చూడని ట్యాబ్‌ను పట్టీలో అలాగే ఉంచి, లోపలి పేజీని మాత్రం మెమరీ నుంచి దించేయడం దీని పద్ధతి. మళ్లీ ఆ ట్యాబ్ మీద నొక్కినప్పుడు పేజీ కొత్తగా లోడ్ అవుతుంది.

క్రోమ్‌లో దీని పేరు మెమరీ సేవర్. 2022 డిసెంబరులో వచ్చింది. సెట్టింగులలో పనితీరు విభాగం తెరిస్తే కనిపిస్తుంది. ఎంత తొందరగా దించాలో ఎంచుకోవడానికి మూడు స్థాయిలు ఉన్నాయి. మామూలు వాడకానికి మధ్య స్థాయి చాలు. ర్యామ్ తక్కువగా ఉన్నవారు గరిష్ఠ స్థాయి పెట్టుకోవచ్చు. ఎడ్జ్‌లో స్లీపింగ్ ట్యాబ్స్ అనే పేరుతో 2021 నుంచి ఇలాంటి సదుపాయమే ఉంది. ఎంతసేపు ముట్టుకోకపోతే నిద్రపుచ్చాలో మీరే నిర్ణయించవచ్చు. నిద్రలో ఉన్న ట్యాబ్‌లు కాస్త వెలిసిపోయినట్టు కనిపిస్తాయి. ఫైర్‌ఫాక్స్ 2021లో వచ్చిన 93వ వెర్షన్ నుంచి విండోస్‌లో మెమరీ బాగా తగ్గినప్పుడు తనంతట తానే పాత ట్యాబ్‌లను దించుతుంది. 2025లో వచ్చిన 140వ వెర్షన్ నుంచి ట్యాబ్ మీద కుడి మీట నొక్కి మీరే స్వయంగా దించవచ్చు. నాకు ఈ చివరి పద్ధతే ఎక్కువ నచ్చింది. ఏది పక్కన పెట్టవచ్చో మనకు తెలిసినంతగా బ్రౌజర్‌కు తెలియదు కదా.

ఒక చిన్న సూచన. పదుల కొద్దీ ట్యాబ్‌లను తెరిచి ఉంచేవారిలో చాలామంది వాటిని మళ్లీ చదవాలన్న ఆశతో ఉంచుకుంటారు. ఆ ఆశ మంచిదే. వాటన్నిటినీ ఒక బుక్‌మార్క్ సంచయంలోకి ఒకేసారి చేర్చుకోవచ్చు. అక్కడ అవి మెమరీ తినవు, బ్రౌజర్ కుప్పకూలినా పోవు.

నిద్రపుచ్చిన ట్యాబ్‌లో సగం రాసిన ఫారం పోతుందా?

పోకుండా బ్రౌజర్లు జాగ్రత్త తీసుకుంటాయి. పాట లేదా వీడియో నడుస్తున్న ట్యాబ్, తెరను ఇతరులతో పంచుకుంటున్న ట్యాబ్, ఫైలు డౌన్‌లోడ్ అవుతున్న ట్యాబ్, కొంత నింపిన ఫారం ఉన్న ట్యాబ్‌లను క్రోమ్ దించదు. అయితే సైటు తనదైన పద్ధతిలో కట్టిన రాతపెట్టెలను బ్రౌజర్ అన్నిసార్లూ గుర్తుపట్టలేకపోవచ్చు. మీకు ముఖ్యమైన సైట్లను ఎప్పుడూ మేలుకొని ఉండవలసిన జాబితాలో చేర్చుకోండి. ఆ జాబితా మెమరీ సేవర్ కిందే ఉంటుంది. పొడవైన రాత ఏదైనా ఉంటే వేరే చోట రాసుకుని అతికించడం మేలు.

ఎక్స్‌టెన్షన్ల వల్ల నిజంగా అంత భారం పడుతుందా?

పడుతుంది. కొన్ని ఎక్స్‌టెన్షన్లు వెనుక ఒక ప్రాసెస్‌ను నడుపుతాయి. దాన్ని ఒక్కసారి లెక్కిస్తే సరిపోతుంది. కానీ చాలా ఎక్స్‌టెన్షన్లు మీరు తెరిచే ప్రతి పేజీలోకీ తమ కోడ్‌ను చొప్పిస్తాయి. వ్యాకరణం దిద్దేవి, ధరలు పోల్చేవి, అనువదించేవి, పేజీ రంగులు మార్చేవి చాలావరకు ఈ కోవలోనివే. అప్పుడు భారం ట్యాబ్‌ల సంఖ్యతో పాటు పెరుగుతుంది. ఆ పెరిగిన మెమరీ టాస్క్ మేనేజర్‌లో ఎక్స్‌టెన్షన్ పేరు మీద కాకుండా పేజీ పేరు మీద కనిపిస్తుంది. పాపం, నింద సైటు మీద పడుతుంది.

దీన్ని తేల్చడానికి సులభమైన పరీక్ష ఉంది. అజ్ఞాత (ఇన్‌కాగ్నిటో) విండోలో మామూలుగా ఎక్స్‌టెన్షన్లు పనిచేయవు. బరువుగా ఉన్న పేజీని మామూలు విండోలోనూ అజ్ఞాత విండోలోనూ తెరిచి అంకెలు పోల్చండి. తేడా గట్టిగా ఉంటే ఎక్స్‌టెన్షన్లను ఆపి, ఒక్కొక్కటే తిరిగి తెరుస్తూ వెళ్లండి. ఫైర్‌ఫాక్స్‌లో సహాయం మెనూ కింద ఎక్స్‌టెన్షన్లన్నిటినీ ఆపి బ్రౌజర్‌ను తెరిచే ప్రత్యేక విధానమే ఉంది.

వాడని ఎక్స్‌టెన్షన్‌ను ఆపి ఉంచడం కన్నా తీసేయడం మంచిది. మెమరీ కోసమే కాదు. మీరు తెరిచే ప్రతి పేజీనీ చదివే అనుమతి దానికి ఉండి ఉండవచ్చు. పైగా ఎక్స్‌టెన్షన్లు చేతులు మారుతుంటాయి. నిన్నటి నమ్మకస్తుడైన రచయిత దగ్గర నుంచి రేపు మరెవరో కొనుక్కోవచ్చు.

ప్రకటనలను అడ్డుకునే ఎక్స్‌టెన్షన్ కూడా తీసేయాలా?

తీయకండి. దాని నియమాల జాబితాలకు కొంత మెమరీ అవుతుంది, నిజమే. కానీ ప్రకటనలు నిండిన వార్తా పేజీలో ఒక్కో ప్రకటన వేరే సైటు నుంచి తన కోడ్‌తో, బొమ్మలతో, వీడియోతో వస్తుంది. వేరే సైటు కాబట్టి దానికి విడి ప్రాసెస్ కూడా అవసరం కావచ్చు. వాటిని రాకుండా ఆపితే మిగిలేది, ఎక్స్‌టెన్షన్ తీసుకున్నదానికన్నా సాధారణంగా ఎక్కువే. అయితే ఒక్కటే ఉంచుకోండి. ఒకే పనికి రెండు మూడు పెట్టుకుంటే అవి ఒకదానికొకటి అడ్డుపడతాయి.

ఒకే పేజీ గంటలు గడిచేకొద్దీ పెరుగుతూ పోతోంది. ఎందుకు?

రెండు కారణాలు ఉండవచ్చు. మొదటిది సహజమైనదే. కిందికి జరిపేకొద్దీ కొత్త అంశాలు వచ్చి చేరే సామాజిక మాధ్యమాల పేజీలలో, ఇప్పటిదాకా చూసిన అంశాలలో చాలా భాగం పేజీలోనే ఉండిపోతాయి. ఎంత దూరం వెళితే అంత బరువు.

రెండోది మెమరీ లీక్. జావాస్క్రిప్ట్‌లో వాడి వదిలేసిన డేటాను ఏరివేసే యంత్రాంగం బ్రౌజర్‌లో ఉంటుంది. కానీ ఏ డేటాకైనా పేజీలో ఎక్కడో ఒక చోట నుంచి ఇంకా సూచిక ఉంటే దాన్ని ముట్టుకోదు, ముట్టుకోకూడదు కూడా. పేజీ రాసినవారు పాత జాబితాను ఖాళీ చేయడం మరిచిపోయినా, తెర మీద నుంచి తీసేసిన భాగానికి సంబంధించిన సూచికను వదలకపోయినా ఆ డేటా అలాగే పోగుపడుతుంది. అది అవసరమో కాదో బ్రౌజర్ ఊహించలేదు. ఇది సైటు లోపం, సరిచేయవలసింది దాన్ని తయారు చేసినవారు.

మీ వైపు నుంచి చేయగలిగింది, రోజంతా తెరిచి ఉంచే మెయిల్, చాట్, పర్యవేక్షణ పేజీలను పూటకోసారి మూసి మళ్లీ తెరవడం. రీలోడ్ చేసినా తగ్గుతుంది కానీ, అదే సైటుకు చెందిన మరో ట్యాబ్‌తో ప్రాసెస్‌ను పంచుకుంటున్నప్పుడు పూర్తిగా తగ్గకపోవచ్చు. ఆ సైటు ట్యాబ్‌లన్నీ మూసి తెరిస్తే ఖాయంగా ఖాళీ అవుతుంది. వీలైతే సైటువారికి రాయండి. తెరిచినప్పుడు ఎంత, కొన్ని గంటలకు ఎంత, ఈలోగా మీరు ఏమి చేశారు అన్న మూడు ముక్కలు రాస్తే చాలు. నెమ్మదిగా ఉందన్న ఫిర్యాదుతో వారు చేయగలిగింది తక్కువ, ఈ అంకెలతో చేయగలిగింది చాలా ఉంది.

పేజీలు తయారు చేసేవారికి ఒక మాట. డెవలపర్ సాధనాలలో మెమరీ విభాగం ఉంది. ఒక పని చేయకముందు ఒకసారి, ఆ పనిని పలుమార్లు చేశాక మరోసారి హీప్ (జావాస్క్రిప్ట్ డేటా ఉండే మెమరీ) చిత్రాలు తీసి పోల్చండి. పేజీ నుంచి తెగిపోయి మెమరీలో మిగిలిపోయిన భాగాల కోసం ముందుగా వెతకండి. మీ యంత్రంలో ర్యామ్ పుష్కలంగా ఉండవచ్చు, మీ పాఠకుడి యంత్రంలో ఉండకపోవచ్చు.

క్యాషె, కుకీలు తుడిచేస్తే మెమరీ తగ్గుతుందా?

దాదాపుగా తగ్గదు. ఆ క్యాషె ప్రధానంగా డిస్కులో ఉంటుంది, ర్యామ్‌లో కాదు. తుడిచాక బ్రౌజర్ తేలికపడినట్టు అనిపిస్తే అది మీరు ఆ వెంటనే బ్రౌజర్‌ను మూసి తెరవడం వల్ల అయి ఉంటుంది. పైగా తుడిచిన తరువాత ప్రతి సైటూ అన్నీ మళ్లీ డౌన్‌లోడ్ చేసుకోవాలి, అన్ని చోట్లా తిరిగి లాగిన్ కావాలి. పేజీ పాత రూపంలో ఇరుక్కుపోయినప్పుడు క్యాషె తుడవడం సరైన మందు. ఈ జబ్బుకు కాదు.

ర్యామ్‌ను శుభ్రం చేసే సాఫ్ట్‌వేర్ల సంగతి?

వాటికి డబ్బు పెట్టకండి, ఉచితమైనా వేసుకోకండి. ప్రోగ్రాముల దగ్గర ఉన్న మెమరీని బలవంతంగా ఖాళీ చేయించడమే వాటిలో చాలావాటి పని. అంకె తగ్గిన మాట నిజమే. కానీ ఆ డేటా బ్రౌజర్‌కు మళ్లీ కావాలి, అప్పుడు దాన్ని వెనక్కి తెచ్చుకోవడానికి సమయం పడుతుంది. అంటే ఏ నెమ్మదితనం పోవాలని కోరుకున్నారో దాన్నే కొనితెచ్చుకుంటున్నారు. అవి నడవడానికి వాడే మెమరీ అదనం.

ప్రాసెస్‌లను తగ్గించే దాచిన సెట్టింగులు, ప్రారంభ ఆదేశాలు వాడవచ్చా?

సైట్లను వేరుచేసే రక్షణను ఆపేసి ఒకే ప్రాసెస్‌లో కుక్కే సలహాలు ఇప్పటికీ తిరుగుతున్నాయి. వాటిని దయచేసి పాటించకండి. కొద్ది శాతం మెమరీ కోసం ఆ గోడను తీసేయడం ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టే. ఇలాంటి ప్రయోగాత్మక సెట్టింగులు వెర్షన్ మారినప్పుడు చెప్పకుండా మాయమవుతాయి, అర్థం మారిపోతాయి. ఏడాది తరువాత ఏదో సైటు పనిచేయడం మానేస్తే కారణం ఇదని మీకు తట్టదు. ఇప్పటికే ఏవైనా మార్చి ఉంటే, అన్నిటినీ మొదటి స్థితికి తెచ్చే బటన్ ఆ దాచిన సెట్టింగుల పేజీలోనే పైన ఉంటుంది.

హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆపితే మంచిదా?

సాధారణంగా ఆపకూడదు. ఆపితే వీడియో, యానిమేషన్ల పని గ్రాఫిక్స్ చిప్ నుంచి ప్రాసెసర్ మీదకు వస్తుంది. యంత్రం వేడెక్కుతుంది, బ్యాటరీ తొందరగా అయిపోతుంది. విడి గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్‌లలో గ్రాఫిక్స్ చిప్ కూడా అసలు ర్యామ్‌లోనే వాటా తీసుకుంటుందన్నది నిజం. బ్రౌజర్ టాస్క్ మేనేజర్‌లో జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) ప్రాసెస్ ఒక్కటే అదుపు లేకుండా పెరుగుతుంటే ముందు గ్రాఫిక్స్ డ్రైవర్‌ను కొత్త వెర్షన్‌కు మార్చండి. అప్పటికీ తగ్గకపోతే కొన్నాళ్లు ఆపి చూడవచ్చు.

బ్రౌజర్‌ను మూసేశాక కూడా మెమరీలో కనిపిస్తోంది. ఏమి చేయాలి?

క్రోమ్ సెట్టింగులలో సిస్టమ్ విభాగంలో, మూసిన తరువాత కూడా వెనుక యాప్‌లను నడపనిచ్చే మీట ఉంది. దాన్ని ఆపండి. ఎడ్జ్‌లో అదే మీటతో పాటు స్టార్టప్ బూస్ట్ అనేది కూడా ఉంది. బ్రౌజర్ త్వరగా తెరుచుకోవడానికి కొన్ని ప్రాసెస్‌లను ముందే సిద్ధంగా ఉంచుతుంది. ర్యామ్ తక్కువగా ఉంటే రెండూ ఆపేయండి. మ్యాక్‌లో విండో మూసినంత మాత్రాన ప్రోగ్రాం మూసినట్టు కాదు, మెనూ నుంచి పూర్తిగా నిష్క్రమించాలి.

అన్నిటికన్నా తక్కువ మెమరీ వాడే బ్రౌజర్ ఏది?

అన్ని కంప్యూటర్లకూ, అన్ని సైట్లకూ వర్తించే జవాబు ఇవ్వడం నిజాయితీ కాదు. క్రోమ్, ఎడ్జ్, ఒపేరా, బ్రేవ్, వివాల్డి అన్నీ క్రోమియం అనే ఉమ్మడి బ్రౌజర్ కోడ్ పునాది మీదే కట్టినవి. ఎక్స్‌టెన్షన్లు లేకుండా ఒకే పేజీలు తెరిస్తే వాటి మధ్య తేడా మీ అలవాట్ల వల్ల వచ్చే తేడాకన్నా చిన్నది. ఫైర్‌ఫాక్స్ యంత్రాంగం వేరు. గత ట్యాబ్‌లను తిరిగి తెరిచినప్పుడు కనిపించే ట్యాబ్‌ను మాత్రమే లోడ్ చేసి, మిగతావాటిని మీరు నొక్కేదాకా ఆగనివ్వడం దాని మంచి గుణం. మ్యాక్‌లో సఫారీ ఆ వ్యవస్థకు తగ్గట్టుగా తయారైంది. ఒపేరా జీఎక్స్‌లో బ్రౌజర్ ఎంత ర్యామ్ వాడవచ్చో హద్దు పెట్టే సదుపాయం ఉంది. హద్దు మరీ తగ్గిస్తే పేజీలు నెమ్మదిస్తాయి.

మీరు రోజూ వాడే పేజీలనే రెండు బ్రౌజర్లలో తెరిచి, ఒక రోజంతా పనిచేసి పోల్చుకోండి. ఏ పోలిక పట్టికా దీనికి సాటిరాదు. ఒకసారి ఎంచుకున్నాక మాత్రం రెండు బ్రౌజర్లను ఒకేసారి నడపకండి.

నా కంప్యూటర్‌లో 4 జీబీ ర్యామ్ మాత్రమే ఉంది. ఆశ వదులుకోవాలా?

అవసరం లేదు, కానీ క్రమశిక్షణ కావాలి. ఆపరేటింగ్ సిస్టమే అందులో పెద్ద వాటా తీసుకుంటుంది కాబట్టి బ్రౌజర్‌కు మిగిలేది తక్కువ. కంప్యూటర్‌తో పాటే మొదలయ్యే ప్రోగ్రాములను ముందు తగ్గించండి. చాలా చాట్, సంగీతం, నోట్సు యాప్‌లు లోపల ఒక్కొక్కటీ ఒక క్రోమియంను మోసుకుని తిరుగుతాయి. అంటే మూడు అలాంటి యాప్‌లు, ఒక బ్రౌజర్ నడుస్తుంటే నాలుగు బ్రౌజర్లు నడుస్తున్నట్టే. వాటిని బ్రౌజర్‌లోనే ట్యాబ్‌లుగా తెరిస్తే కొంత ఆదా అవుతుంది.

మెమరీ సేవర్‌ను గరిష్ఠ స్థాయిలో పెట్టండి. ప్రకటనలు ఆపేది ఒక్కటి తప్ప ఎక్స్‌టెన్షన్లన్నీ తీసేయండి. మీరు నొక్కబోయే లింకులను ఊహించి పేజీలను ముందే లోడ్ చేసే సెట్టింగ్‌ను ఆపండి. వీడియో సమావేశంలో ఉన్నప్పుడు మిగతా ట్యాబ్‌లన్నీ మూసేయండి. క్రోమ్‌లో రెండు ప్రొఫైళ్లు (ఒకే బ్రౌజర్‌లో విడి సెట్టింగులతో ఉండే ఖాతాలు) తెరిచి ఉంచితే ఎక్స్‌టెన్షన్లు రెండింటిలోనూ విడివిడిగా నడుస్తాయని గుర్తుంచుకోండి.

డబ్బు పెట్టి ర్యామ్ పెంచుకోవడం మేలు కాదా?

ర్యామ్‌ను మార్చుకునే వీలున్న యంత్రమైతే, ఇవన్నీ చేశాక కూడా ఒత్తిడి తగ్గకపోతే, మేలే. 4 నుంచి 8 జీబీకి వెళ్లినప్పుడు కలిగే తేడా కళ్లకు కనిపిస్తుంది. ర్యామ్ బోర్డుకు అతికి ఉన్న ల్యాప్‌టాప్‌లలో ఆ వీలు లేదు, కొనే ముందే చూసుకోవాలి. లీకయ్యే పేజీకి మాత్రం ఎంత ర్యామ్ పెట్టినా చాలదు, కాకపోతే కాస్త ఆలస్యంగా నిండుతుంది.

ర్యామ్ ఖాళీగా ఉన్నా మెమరీ చాలలేదంటూ ఒక పేజీ ఆగిపోతోంది. ఎందుకలా?

ఒక్కో పేజీలోని జావాస్క్రిప్ట్ డేటాకు బ్రౌజర్ తనదైన పరిమితి పెడుతుంది. 2020లో క్రోమ్ 80తో డేటా చిరునామాలను కుదించి దాచే పద్ధతి వచ్చింది. దానివల్ల జావాస్క్రిప్ట్ హీప్ 43 శాతం వరకు తగ్గిందని క్రోమ్‌లో జావాస్క్రిప్ట్‌ను నడిపే యంత్రాంగాన్ని తయారు చేసినవారు ప్రకటించారు. ఆ పద్ధతి ప్రకారం హీప్ మొత్తం 4 జీబీ పరిధిలోనే ఇమడాలి. లక్షల వరుసల స్ప్రెడ్‌షీట్‌ను బ్రౌజర్‌లో తెరిచినప్పుడు ఈ హద్దు తగలవచ్చు. యంత్రంలో 32 జీబీ ఉన్నా ఉపయోగం ఉండదు. ఫైలును ముక్కలు చేయండి, లేదా ఆ పనికి తగిన డెస్క్‌టాప్ ప్రోగ్రాంలో తెరవండి. మీ బ్రౌజర్ 32 బిట్ల వెర్షన్ అయితే హద్దు ఇంకా ముందే తగులుతుంది. 64 బిట్ల విండోస్‌లో దాన్ని వాడుతూ ఉంటే వెంటనే మార్చండి.

అన్నీ చేశాను, అయినా తగ్గడం లేదు. ఇంకేమి చూడాలి?

కొత్త ప్రొఫైల్ ఒకటి తయారు చేసి, అందులో ఏమీ చేర్చకుండా మీ మామూలు పేజీలను తెరవండి. అక్కడ తేలికగా ఉంటే లోపం పాత ప్రొఫైల్‌లో ఉంది. బుక్‌మార్కులను, పాస్‌వర్డ్‌లను తరలించుకుని కొత్తదానిలోనే కొనసాగండి. ఎక్స్‌టెన్షన్లను ఒక్కసారిగా కాకుండా, అవసరం పడినప్పుడు ఒక్కొక్కటిగా చేర్చుకోండి.

కొత్త ప్రొఫైల్‌లో కూడా అలాగే ఉంటే బ్రౌజర్‌ను పక్కన పెట్టి సిస్టమ్ టాస్క్ మేనేజర్‌ను మెమరీ వరుసలో చూడండి. యాంటీవైరస్, ఫైళ్లను క్లౌడ్‌కు పంపే ప్రోగ్రాం, వెనుక తెరిచి ఉన్న వర్చువల్ యంత్రం లాంటివి చాలాసార్లు పై వరుసలలో దొరుకుతాయి. బ్రౌజర్ మన కళ్ల ముందు ఉంటుంది కాబట్టి అనుమానం ముందు దాని మీదకే వెళుతుంది.